కోస్తా దెల్ సోల్ తీరంలో గోల్ఫ్ విహారయాత్ర

కోస్తా దెల్ సోల్ స్పెయిన్ దేశపు దక్షిణ కొసన, అందలూసియా ప్రాంతంలోని మాలగా ప్రావిన్సుకు చెందిన మధ్యధరా సముద్రతీరం. స్పానిష్ భాషలో ఈ పేరుకు ‘సూర్యుడి తీరం’ అని అర్థం. తూర్పున నెర్హా నుంచి పడమర మనిల్వా దాకా సుమారు 150 కిలోమీటర్ల పొడవున సాగుతుంది. దీనిని ఆనుకుని కాదిస్ ప్రావిన్సులో ఉన్న సోతోగ్రాందె పరిసరాలను కూడా కలుపుకుంటే ఇక్కడ 70కి పైగా గోల్ఫ్ కోర్సులు ఉన్నాయి. అందుకే దీనికి ‘కోస్తా దెల్ గోల్ఫ్’ అనే రెండో పేరు స్థిరపడింది. ఐరోపా ఖండంలో గోల్ఫ్ కోసమే వచ్చే యాత్రికులను ఎక్కువగా ఆకర్షించే ప్రాంతాల్లో ఇది ఒకటి.

ఈ తీరంలో ఎండ కోసం వెతుక్కోనక్కరలేదు. యాత్ర ఎలా సాగుతుందనేది మూడు నిర్ణయాల మీద ఆధారపడి ఉంటుంది: ఏ నెలలో వెళ్లాలి, ఎక్కడ బస చేయాలి, ఎన్ని రౌండ్లు ఆడాలి. ఈ మూడూ ముందే తేల్చుకున్నవారికి మిగతా ఏర్పాట్లన్నీ తేలికవుతాయి.

భౌగోళికం, వాతావరణం

తీరానికి ఒక పక్క సముద్రం, మరో పక్క కొండల వరుస. మార్బెయా పట్టణం వెనుక ఉన్న సియెర్రా బ్లాంకా కొండల్లో లా కొంచా శిఖరం ఎత్తు 1,215 మీటర్లు. ఉత్తరం నుంచి వచ్చే చలిగాలులను ఈ కొండలు అడ్డుకుంటాయి. ఉత్తర ఐరోపాలో మైదానాలు మంచు కింద ఉండే జనవరిలో కూడా మాలగాలో పగటి ఉష్ణోగ్రత సగటున 17 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది, రాత్రి 7, 8 డిగ్రీలకు దిగుతుంది. ఆగస్టులో పగలు 31, రాత్రి 21 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఏడాదికి దాదాపు 2,900 గంటలు ఎండ కాస్తుంది.

వర్షపాతం ఏడాదికి 500 మిల్లీమీటర్లకు కొంచెం పైన. అందులో ఎక్కువ భాగం నవంబరు, జనవరి మధ్యనే పడుతుంది. మనకు నైరుతి రుతుపవనాలు వాన కురిపించే జూన్ నుంచి ఆగస్టు వరకు అక్కడ పూర్తిగా పొడి కాలం. వాన అరుదే అయినా పడినప్పుడు గట్టిగానే పడుతుంది. 1997 సెప్టెంబరులో సోతోగ్రాందెలోని వాల్దెర్రామా కోర్సులో ఐరోపా, అమెరికా జట్ల నడుమ జరిగిన రైడర్ కప్‌లో మొదటి రోజు ఆట కుండపోత వానతో ఆలస్యంగా మొదలైంది.

ఆటను ఎండ కన్నా గాలి ఎక్కువ ప్రభావితం చేస్తుంది. పడమటి గాలిని పొనియెంతె అనీ, తూర్పు గాలిని లెవాంతె అనీ స్థానికులు పిలుస్తారు. ఇవాళ పొనియెంతె వీస్తే ఎదురుగాలిగా ఉండే హోల్, రేపు లెవాంతె వీచేసరికి వెనుకగాలి హోల్ అవుతుంది. వేసవిలో అప్పుడప్పుడు కొండల మీదుగా తీరం వైపు దిగే వేడి పొడిగాలి పేరు తెర్రాల్. అది వీచిన రోజు మాలగాలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలను సమీపిస్తుంది. అలాంటి రోజున మధ్యాహ్నం ఆట మానుకోవడమే మంచిది.

చరిత్ర

స్పెయిన్‌లో తొలి గోల్ఫ్ క్లబ్ 1891లో కనారీ దీవుల్లోని లాస్ పాల్మాస్‌లో ఏర్పడింది. కోస్తా దెల్ సోల్‌కు ఈ ఆట 1925లో వచ్చింది. మాలగాకు, తొర్రెమొలినోస్‌కు నడుమ సముద్రపు ఒడ్డున ఆనాడు వేసిన కోర్సు నేటికీ ఉంది. ప్రభుత్వ రంగంలోని పరదోర్ హోటళ్ల సంస్థ దానిని నడుపుతోంది.

తీరమంతా చేపలు పట్టే పల్లెలుగా, చెరకు తోటలుగా ఉన్న కాలం అది. 1954లో ఆల్ఫోన్సో ఫాన్ హోహెన్‌లోహె అనే రాజవంశీకుడు మార్బెయా క్లబ్ హోటల్ తెరిచాడు. 1959లో తొర్రెమొలినోస్‌లో పెస్ ఎస్పాదా హోటల్ వెలిసింది. అదే ఏడు గ్వాదల్మీనాలో స్పానిష్ రూపశిల్పి హవియెర్ అరానా వేసిన కోర్సు ప్రారంభమైంది. 1965లో వచ్చిన రియో రియాల్, 1975లో వచ్చిన అలోహా కూడా ఆయన రూపొందించినవే. అలోహా ఆయన చివరి కోర్సు.

పడమటి కొసన 1962లో జోసెఫ్ మెక్‌మికింగ్ సోతోగ్రాందె స్థావరాన్ని నెలకొల్పి, అమెరికన్ రూపశిల్పి రాబర్ట్ ట్రెంట్ జోన్స్‌ను పిలిపించాడు. 1964లో తెరుచుకున్న రియాల్ క్లబ్ సోతోగ్రాందె, జోన్స్‌కు ఐరోపాలో తొలి కోర్సు. ఆ తరవాత ఆయన 1968లో లాస్ బ్రీసాస్, 1977లో లోస్ నరాన్హోస్ కోర్సులను మార్బెయా పక్కన నువేవా అందలూసియాలో వేశాడు. అలోహాతో సహా ఈ కోర్సులన్నీ పక్కపక్కనే ఉండటంతో ఆ లోయకు ‘గోల్ఫ్ లోయ’ అనే పేరు వచ్చింది.

హోటళ్ల యజమానులు గోల్ఫ్‌ను ఇంతగా ఆదరించడానికి స్పష్టమైన కారణం ఉంది. సముద్రస్నానానికి వచ్చే జనం వేసవి రెండు మూడు నెలలకే పరిమితం. గోల్ఫర్లకు కావలసింది వసంతం, శరత్తు, తేలికపాటి చలికాలం. తక్కిన తొమ్మిది నెలలు ఖాళీగా ఉండే గదులను గోల్ఫ్ నింపింది.

1974లో ట్రెంట్ జోన్స్ సోతోగ్రాందెలో వేసిన మరో కోర్సును 1980ల్లో బొలీవియా తగరపు గనుల కుటుంబానికి చెందిన హైమె ఓర్తిస్ పతీన్యో కొని, వాల్దెర్రామా అని పేరు మార్చి, అంతర్జాతీయ స్థాయికి తీర్చిదిద్దాడు. 1988 నుంచి 1996 వరకు, మళ్లీ 2002 నుంచి 2008 వరకు వోల్వో మాస్టర్స్ పోటీ అక్కడ జరిగింది. 2006లో ఆ ట్రోఫీని భారత ఆటగాడు జీవ్ మిల్ఖా సింగ్ గెలిచాడు. 1997లో రైడర్ కప్ వాల్దెర్రామాకు వచ్చింది. బ్రిటిష్ దీవులను దాటి ఐరోపా ప్రధాన భూభాగంలో ఆ పోటీ జరగడం అదే మొదటిసారి. స్పెయిన్‌కు చెందిన సెవె బయెస్తెరోస్ నాయకత్వంలో ఐరోపా జట్టు అమెరికాను 14½–13½ తేడాతో ఓడించింది.

మహిళల గోల్ఫ్‌కూ ఈ తీరం వేదికైంది. 2023 సెప్టెంబరులో కసారెస్ దగ్గరి ఫింకా కోర్తెసిన్‌లో ఐరోపా, అమెరికా మహిళా జట్ల నడుమ సోల్‌హైమ్ కప్ జరిగి 14–14తో సమమైంది. ఆ కప్ చరిత్రలో అది తొలి సమం. అంతకు ముందు గెలిచిన జట్టుగా ఐరోపా కప్పును నిలుపుకుంది. రెండు నెలల తరవాత, 2023 నవంబరులో లాస్ బ్రీసాస్‌లో జరిగిన స్పెయిన్ మహిళల ఓపెన్‌ను బెంగళూరు క్రీడాకారిణి అదితి అశోక్ గెలుచుకుంది.

ప్రధాన కోర్సులు

యాత్ర రూపొందించుకునేటప్పుడు ఈ 70 కోర్సులను ఒకే జాబితాగా చూడకూడదు. తూర్పు నుంచి పడమరకు గుంపులుగా చూస్తే దూరాలు అర్థమవుతాయి.

మాలగా విమానాశ్రయానికి దగ్గరలో, సముద్రాన్ని ఆనుకుని సమతలంగా ఉండే పరదోర్ కోర్సు కొత్తగా వచ్చినవారి తొలి రౌండుకు అనువైనది. బెనల్మాదెనాలోని తొర్రెకెబ్రాదా 1976 నాటిది. కొండవాలు మీద ఎక్కుతూ దిగుతూ సాగే కోర్సు.

మిహాస్ పరిసరాల్లో ట్రెంట్ జోన్స్ వేసిన లోస్ లాగోస్, లోస్ ఒలీవోస్ జంట కోర్సులు ఉన్నాయి. లోపలి కొండల్లో ఉన్న లా కాలా రిసార్ట్‌లో అమెరికా, ఆసియా, యూరప్ అనే పేర్లతో మూడు 18 హోళ్ల కోర్సులు ఒకే ఆవరణలో ఉన్నాయి. కారు నడపడం ఇష్టం లేనివారికి ఇలాంటి చోటు వరం.

మార్బెయా గుంపులో గోల్ఫ్ లోయలోని మూడు పాత క్లబ్బులతో పాటు గ్వాదల్మీనా, రియో రియాల్ ముఖ్యమైనవి. ఎస్తెపోనా దాటాక కసారెస్ దగ్గర ఫింకా కోర్తెసిన్ వస్తుంది. కేబెల్ రాబిన్సన్ రూపొందించిన ఈ పొడవైన కోర్సు అనుభవం ఉన్న ఆటగాళ్లకు తగినది.

చివరి గుంపు సోతోగ్రాందె. వాల్దెర్రామా, రియాల్ క్లబ్ సోతోగ్రాందె రెండూ ఇక్కడే. వాల్దెర్రామా ఫెయిర్‌వేల పక్కన బెరడు ఓక్ చెట్లు గుబురుగా పెరిగి ఉంటాయి. సీసా బిరడాలకు వాడే బెరడు ఈ చెట్లదే. బంతి ఎంత దూరం వెళ్లినా గ్రీన్ కనిపించే వైపు పడకపోతే కొమ్మలు అడ్డొస్తాయి. బలం కన్నా గురి ముఖ్యమైన కోర్సు ఇది. సభ్యుల క్లబ్ కాబట్టి బయటివారికి రోజుకు కొద్ది సమయమే కేటాయిస్తారు.

ఏ నెలలో వెళ్లాలి

మార్చి నుంచి మే వరకు, సెప్టెంబరు చివరి నుంచి నవంబరు తొలి వారాల వరకు గోల్ఫ్‌కు మేలైన కాలం. రుసుములు ఎక్కువగా ఉండేదీ, మైదానాలు కిక్కిరిసేదీ అప్పుడే. ఈస్టర్‌కు ముందు వచ్చే పవిత్ర వారంలో మాలగా వీధుల్లో పెద్ద ఊరేగింపులు సాగుతాయి. చూడదగిన ఉత్సవమే అయినా ఆ వారం గదులు దొరకడం కష్టం.

జూలై, ఆగస్టుల్లో గోల్ఫ్ రుసుములు తగ్గుతాయి కానీ హోటల్ ధరలు సముద్రస్నాన యాత్రికుల వల్ల పెరుగుతాయి. తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదరక ముందే ముగించడం, లేదా సాయంత్రపు తగ్గింపు రుసుముతో ఆడటం అప్పుడు పద్ధతి. జూన్ చివర సూర్యాస్తమయం రాత్రి 9:40 దాకా జరగదు కాబట్టి సాయంత్రం నాలుగున్నరకు మొదలుపెట్టినా 18 హోళ్లు పూర్తవుతాయి.

డిసెంబరు, జనవరి నెలలు చవక. అయితే సూర్యోదయం ఎనిమిది దాటాకే, అస్తమయం ఆరింటికే. ఒక రౌండుకు నాలుగు గంటలకు పైనే పడుతుంది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న సామెత చలికాలపు గోల్ఫర్ మరవకూడదు. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక టీ టైమ్ తీసుకుంటే చివరి హోళ్లు చీకట్లో కలుస్తాయి.

గడ్డి సంగతి కూడా తెలుసుకోవాలి. ఇక్కడ చాలా ఫెయిర్‌వేలలో ఉన్నది వేడిని తట్టుకునే బెర్ముడా గడ్డి. చలికాలంలో అది ఎదగడం మానేసి రంగు వెలిసిపోతుంది. కొన్ని క్లబ్బులు శరత్తులో దాని మీద రై గడ్డి గింజలు చల్లి పచ్చదనం తెప్పిస్తాయి. ఏడాదికి ఒకటి రెండు సార్లు గ్రీన్ల నేలలో సన్నని రంధ్రాలు పొడిచి ఇసుక నింపుతారు. వేళ్లకు గాలి అందడానికి ఇది తప్పనిసరి. ఆ పని జరిగిన తరవాత వారం పది రోజులు బంతి గ్రీన్ మీద గెంతుతూ దొర్లుతుంది. ఆ తేదీలు ఎప్పుడో క్లబ్‌కు రాసి అడిగిన తరవాతే బుక్ చేసుకోవాలి.

బస ఎక్కడ

మాలగా విమానాశ్రయం నుంచి తొర్రెమొలినోస్ దాదాపు 8 కిలోమీటర్లు, ఫుయెంగిరోలా పాతిక లోపు, మార్బెయా 50, ఎస్తెపోనా 80, సోతోగ్రాందె 110 కిలోమీటర్ల దూరంలో ఉంటాయి. తొర్రెమొలినోస్‌లో బస చేసి సోతోగ్రాందెలో ఆడాలనుకుంటే రానూపోనూ 200 కిలోమీటర్లు తిరగాలి. ఆడదలచిన కోర్సుల్లో మూడొంతులు అరగంట ప్రయాణంలో ఉండే ఊళ్లో దిగడం సరైన సూత్రం.

లోకల్ రైలు మాలగా నుంచి విమానాశ్రయం, తొర్రెమొలినోస్, బెనల్మాదెనా మీదుగా ఫుయెంగిరోలా వరకే నడుస్తుంది. మార్బెయాకు రైలు మార్గం లేదు. కారు లేకుండా గడపాలంటే ఫుయెంగిరోలా, లేదా కోర్సు ఆవరణలోనే ఉన్న రిసార్ట్ మేలు. మొదటిసారి వచ్చి పేరున్న క్లబ్బులు చూడాలనుకునేవారికి మార్బెయా, ఎస్తెపోనాల నడుమ బస అన్నింటికీ మధ్యేమార్గం.

హ్యాండీక్యాప్, కోర్సు ఎంపిక

హ్యాండీక్యాప్ అంటే ఆటగాడి స్థాయిని తెలిపే అంకె. 2020 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ హ్యాండీక్యాప్ విధానంలో దీని గరిష్ఠ పరిమితి 54. భారతదేశంలోని క్లబ్బులూ ఇదే విధానంలో ఉన్నాయి కాబట్టి గోల్కొండ పక్కన నయా ఖిలాలోని హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్ సభ్యుడైనా, విశాఖపట్నం ఈస్ట్ పాయింట్ సభ్యుడైనా తన అంకెను స్పెయిన్‌లో నేరుగా వాడుకోవచ్చు. కొన్ని స్పానిష్ క్లబ్బులు హ్యాండీక్యాప్ పత్రం చూపనిదే ఆడనివ్వవు. కొన్ని ఇంకా పురుషులకు 28, మహిళలకు 36 అనే పాత పరిమితులను పాటిస్తాయి. పత్రాన్ని ఫోన్‌లో, కాగితం మీద రెండు విధాలా వెంట ఉంచుకోవాలి.

ప్రతి కోర్సుకూ, అందులోని ప్రతి టీకీ స్లోప్ అనే అంకె ఉంటుంది. 113 ప్రామాణికం. అంతకన్నా ఎక్కువైతే సగటు ఆటగాడికి కోర్సు కఠినమని అర్థం. హ్యాండీక్యాప్ సూచిక 18 ఉన్నవారు 132 స్లోప్ ఉన్న కోర్సులో ఆడితే 18ని 132తో హెచ్చించి 113తో భాగించాలి, 21 వస్తుంది. అంటే 113 స్లోప్ ఉన్న కోర్సులో దొరికే దానికన్నా అక్కడ మూడు స్ట్రోకులు అదనంగా దొరుకుతాయి. ఆ తరవాత కోర్సు రేటింగుకూ పార్‌కూ ఉన్న తేడాను కలుపుతారు.

ఈ లెక్క చేసుకుంటే కోర్సు ఎంపిక తేలికవుతుంది. పేరు చూసి కఠినమైన కోర్సును ఎంచుకుని, వెనుక టీల నుంచి ఆడి, అరడజను బంతులు పోగొట్టుకుంటే దక్కేది అలసటే. తన స్థాయికి తగిన ముందు టీలు వాడిన ఆటగాడికి అదే కోర్సు ఆనందాన్నిస్తుంది. ఇందులో చిన్నతనమేమీ లేదు.

టీ టైమ్, ఖర్చులు

ఆట మొదలుపెట్టడానికి క్లబ్ ఇచ్చే నిర్ణీత సమయమే టీ టైమ్. 8 నుంచి 10 నిమిషాలకు ఒక గుంపు చొప్పున, గుంపుకు నలుగురు మించకుండా పంపుతారు. ఇద్దరే వెళితే మరో ఇద్దరితో కలపడం మామూలు. రద్దీ నెలల్లో మంచి ఉదయపు సమయాలు కొన్ని నెలల ముందే అయిపోతాయి. క్లబ్ వెబ్‌సైట్‌లో నేరుగానూ, గోల్ఫ్ ఏజెంట్ల ద్వారానూ బుక్ చేసుకోవచ్చు. నలుగురూ అంతకు మించీ ఉన్న బృందాలకు ఏజెంట్ల దగ్గర గదులు, రౌండ్లు, కారు కలిపిన ప్యాకేజీలు దొరుకుతాయి. ఏ దారిలో వెళ్లినా రద్దు నిబంధనలు చదవడం తప్పనిసరి. వానకు కోర్సు మూసేస్తే డబ్బు తిరిగి ఇస్తారా, మరో రోజు ఆడనిస్తారా అన్నది క్లబ్‌ను బట్టి మారుతుంది.

గ్రీన్ ఫీజు అంటే ఒక రౌండుకు కట్టే ప్రవేశ రుసుము. మంచి కాలంలో మధ్యస్థాయి కోర్సుకు 100 యూరోలు దాటడం సాధారణం. వాల్దెర్రామా, ఫింకా కోర్తెసిన్ వంటివి అంతకు రెట్టింపును చాలా దూరం దాటుతాయి. బగ్గీ ఈ రుసుములో కలిసి ఉందో లేదో అడగాలి. ఇక్కడి కోర్సులు చాలావరకు కొండవాలు మీద, విల్లాల నడుమ ఉంటాయి. ఒక గ్రీన్ నుంచి తరవాతి టీకి దూరం ఎక్కువ. నడిచి ఆడాలనుకునేవారు సమతలపు కోర్సులను ఎంచుకోవాలి.

భారత ఆటగాళ్లు ముందే మనసులో పెట్టుకోవలసిన తేడా ఒకటుంది. మన క్లబ్బుల్లో బ్యాగు మోసి, దూరం చెప్పి, పడిన బంతిని వెతికిపెట్టే క్యాడీ ఉంటాడు. స్పెయిన్‌లో క్యాడీలు దాదాపు ఉండరు. బ్యాగును ట్రాలీ మీద తోసుకోవడం, దూరం కొలుచుకోవడం, బంకర్‌లో ఇసుక సరిచేయడం, గ్రీన్ మీద బంతి పడిన గుంతను పూడ్చడం అన్నీ ఆటగాడి పనులే.

వీసా, ప్రయాణం, సామాను

భారత పాస్‌పోర్టు ఉన్నవారికి షెంగెన్ వీసా కావాలి. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉద్యోగం చేస్తూ భారత పౌరులుగానే ఉన్న తెలుగువారికీ ఇది వర్తిస్తుంది. ఆ దేశాల పౌరసత్వం తీసుకున్నవారు ఏ 180 రోజుల వ్యవధిలోనైనా 90 రోజుల వరకు వీసా లేకుండా ఉండవచ్చు. వీసాకు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి, ఆలస్యమైతే 15 రోజుల ముందు వరకు దరఖాస్తు చేయవచ్చు. పెద్దలకు రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. వేసవికి ముందు దరఖాస్తు కేంద్రాల్లో అపాయింట్‌మెంట్లు త్వరగా నిండిపోతాయి కాబట్టి ఆలస్యం చేయరాదు.

హైదరాబాద్ నుంచి మాలగాకు వెళ్లాలంటే గల్ఫ్‌లోనో ఐరోపాలోనో కనీసం ఒకచోట విమానం మారాలి. మద్రిద్‌లో దిగితే 2007లో మొదలైన హైస్పీడు రైలులో మూడు గంటల లోపే మాలగా చేరవచ్చు. లండన్ నుంచి నేరుగా విమానంలో మూడు గంటల లోపు ప్రయాణం. మన సమయానికి స్పెయిన్ చలికాలంలో నాలుగున్నర గంటలు, వేసవిలో మూడున్నర గంటలు వెనుక ఉంటుంది.

గోల్ఫ్ బ్యాగును విమాన సంస్థలు క్రీడా సామగ్రిగా లెక్కిస్తాయి. మామూలు సామాను పరిమితిలో కలుస్తుందా, విడిగా డబ్బు కట్టాలా అన్నది టికెట్టు కొనేటప్పుడే చూసుకోవాలి. దూరం కొలిచే పరికరాల లిథియం బ్యాటరీలను చేతి సంచిలోనే ఉంచుకోవాలి. మూడు రౌండ్లకు మించి ఆడనివారికి అక్కడే గోల్ఫ్ కర్రలు అద్దెకు తీసుకోవడం చవక, సుఖం. కారు నడిపేవారికి భారత లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కావాలి. అక్కడ వాహనాలు రోడ్డుకు కుడి వైపున నడుస్తాయి. తీరం వెంట ఏ–7 రహదారి ఉచితం, రద్దీ ఎక్కువ. దానికి సమాంతరంగా కొండల అంచున సాగే ఏపీ–7 మీద టోలు కట్టాలి.

తిండి, ఆట లేని రోజు

స్పెయిన్‌లో మధ్యాహ్న భోజనం రెండింటి తరవాత, రాత్రి భోజనం తొమ్మిది తరవాత. ఈ తీరపు ప్రత్యేక వంటకం ఎస్పెతో. సార్డైన్ చేపలను వెదురు పుల్లకు గుచ్చి, ఇసుక నింపిన పడవలో నిప్పులు పేర్చి, ఆ సెగకు కాలుస్తారు. ఒడ్డునే ఉండే చిరింగీతో అనే పాకల్లో ఇది దొరుకుతుంది. శాకాహారులకు టమాటాతో చేసే చల్లని గజ్పాచో, బాదం, వెల్లుల్లి కలిపి నూరిన అహోబ్లాంకో, చెరకు పాకం పోసిన వంకాయ వేపుడు ఉన్నాయి. ఆ పాకం నెర్హా పక్కనున్న ఫ్రిహిలియానా ఊరిది. వంటల మీద పంది మాంసపు తునకలు చల్లే అలవాటు ఉంది కనుక ఆర్డరిచ్చేటప్పుడే వద్దని చెప్పాలి.

కుటుంబంలో ఆడనివారు ఉంటే వారి రోజులనూ ఆలోచించాలి. మాలగాలో 11వ శతాబ్దపు అల్కసాబా కోట, 1881లో పికాసో పుట్టిన ఇల్లు, 2003లో తెరిచిన పికాసో మ్యూజియం నడిచి చూడవచ్చు. మార్బెయా నుంచి గంటకు పైగా కొండదారిలో వెళితే రోందా వస్తుంది. దాదాపు 100 మీటర్ల లోతున్న లోయ మీద 1793లో పూర్తయిన రాతి వంతెన అక్కడి అద్భుతం. 1959లో బయటపడిన నెర్హా గుహలు పిల్లలకు నచ్చుతాయి. గ్రనాదాలోని అల్‌హంబ్రా కోట మాలగా నుంచి 130 కిలోమీటర్లు. దాని టికెట్లు వారాల ముందే అయిపోతాయి, కాబట్టి ఆ రోజును టీ టైమ్‌లతో పాటే ఖాయం చేసుకోవాలి.

నీటి ప్రశ్న

వాన తక్కువగా ఉన్న నేల మీద ఇన్ని పచ్చని మైదానాలు నిలవడం చిన్న విషయం కాదు. 2024 తొలి నెలల్లో మాలగా ప్రావిన్సులో అన్నింటికన్నా పెద్దదైన లా విన్యువెలా జలాశయంలో నిల్వ సామర్థ్యంలో 10 శాతానికి దిగువకు పడిపోయింది. అందలూసియా ప్రభుత్వం 2008లో చేసిన నిబంధనలు గోల్ఫ్ కోర్సుల తడికి శుద్ధిచేసిన వాడుకనీటి వినియోగాన్ని ముందుకు తెచ్చాయి. తీరం పడమటి భాగంలో అకోసోల్ అనే ప్రభుత్వ సంస్థ పట్టణాల మురుగునీటిని శుద్ధిచేసి కోర్సులకు సరఫరా చేస్తుంది. ఈ నీటిని తాగకూడదని కోర్సుల్లో బోర్డులు ఉంటాయి. కొన్ని క్లబ్బులు గడ్డి అవసరం లేని చోట్ల దానిని తీసేసి, ఎండను తట్టుకునే స్థానిక మొక్కలు పెంచుతున్నాయి. అక్కడక్కడా గోధుమరంగు నేల కనిపిస్తే నిర్వహణ లోపమని అనుకోరాదు. అది నీటిని మిగిల్చే పద్ధతి. శుద్ధిచేసిన నీటితో నడిచే కోర్సును కోరి ఎంచుకోవడం ఆ నేలకు యాత్రికుడు చేయగల మేలు.

ఇతర మధ్యధరా తీరాలు

తుర్కియేలో అంతల్యా పక్కన ఉన్న బెలెక్‌లో 1994లో తొలి కోర్సు వచ్చింది. భోజనం, బస, గోల్ఫ్ అన్నీ ఒకే ధరలో ఇచ్చే రిసార్టులు అక్కడి విశేషం. స్పెయిన్‌లోనే ముర్సియా ప్రాంతంలోని లా మాంగా, 2031 రైడర్ కప్‌కు ఎంపికైన హిరోనా దగ్గరి కమిరాల్ ప్రసిద్ధమైనవి. ఇటలీకి చెందిన సర్దీనియా దీవిలో ట్రెంట్ జోన్స్ వేసిన పెవెరో, సైప్రస్‌లోని అఫ్రొడైటీ హిల్స్ కూడా ఈ కోవలోవే. పోర్చుగల్‌లోని అల్గార్వెను చాలామంది వీటితో కలిపి చెబుతారు కానీ అది అట్లాంటిక్ తీరం.

వారం రోజుల నమూనా ప్రణాళిక

మార్బెయా, ఎస్తెపోనాల నడుమ ఏడు రాత్రులు బస చేసే నలుగురి బృందానికి ఈ క్రమం సరిపోతుంది.

మొదటి రోజు: రాక, విశ్రాంతి, ప్రాక్టీసు గ్రీన్ మీద గంటసేపు.
రెండో రోజు: గ్వాదల్మీనా వంటి సమతలపు కోర్సులో తొలి రౌండు.
మూడో రోజు: గోల్ఫ్ లోయలో రెండో రౌండు.
నాలుగో రోజు: ఆట లేదు. రోందా, లేదా మాలగా.
అయిదో రోజు: మిహాస్ వైపు మూడో రౌండు.
ఆరో రోజు: బృందం ఎక్కువగా కోరుకున్న పెద్ద కోర్సు. అప్పటికి గాలీ గడ్డీ అలవాటవుతాయి.
ఏడో రోజు: వాన వల్ల ఏదైనా రౌండు తప్పితే దానికోసం, లేకుంటే సముద్రపు ఒడ్డున.
ఎనిమిదో రోజు: తిరుగు ప్రయాణం.

రోజుకో రౌండు చొప్పున ఆరేడు కోర్సులు చుట్టేయాలనే ఉబలాటం చాలా యాత్రలను పాడుచేస్తుంది. నాలుగో రోజుకే నడుము పట్టేస్తుంది, చివరి రెండు రౌండ్లు మొక్కుబడిగా ముగుస్తాయి. దేశాలు దాటి వెళ్లి ఆడే ప్రతి రౌండూ తరవాత తలచుకోదగినదిగా ఉండాలి. వెళ్లే నెలను ముందే నిర్ణయించి, బసను కోర్సుల దగ్గరకు చేర్చి, వారానికి నాలుగు రౌండ్లతో సరిపెట్టుకున్నవారికి కోస్తా దెల్ సోల్ సంతృప్తినిస్తుంది. మిగిలిన కోర్సులు ఎక్కడికీ పోవు. 1925లో వేసిన మైదానంలో ఇవాళ్టికీ ఉదయం టీ టైమ్‌లు ఇస్తున్నారు.